కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు: దయయే మూలధనముగా వర్తకము

మన ఖిల్లా ఘణపురమునకు వచ్చు క్రొత్తవారి చూపు మొట్టమొదట కొండమీది కోటపై నిలుచును. కాకతీయుల సామంతులగు గోనవంశపు ప్రభువులలో నొకడైన గణపరెడ్డి పదుమూడవ శతాబ్దమున ఈ దుర్గమును కట్టించెనని పెద్దలు చెప్పుదురు. ఆ ప్రభువు పేరనే గణపసముద్రమను చెఱువును కలదు. కోట ప్రభువును కాపాడుటకు కట్టబడినది; చెఱువు ప్రజలను కాపాడుటకు త్రవ్వబడినది. నేడు ఆ కోటలో దాగవలసిన ప్రభువు లేడు. దానిని ముట్టడించు శత్రువును లేడు. చెఱువుతో మాత్రము ఊరికి నేటికిని పని కలదు.

విద్యార్థులారా, చెఱువునకు మూడంగములు ముఖ్యములని మీరెఱుగుదురు. కట్ట నీటిని నిలుపును. తూము ఆ నీటిని కొలత ప్రకారము పొలములకు పంపును. అలుగు, చెఱువు నిండి పొంగిన నాడు, మిగిలిన నీటిని బయటికి విడుచును. లోకములో ధనవంతులు పెక్కురు కట్టను బాగుగా వేయుదురు. కొందఱు పొంగిన నాడు అలుగు పాఱనిత్తురు. దానినే దానమని లోకము పొగడును. కాని పొలము పండునది అలుగునీటితో కాదు, తూమునీటితో. చెఱువు సగమే యున్న నాడును, ఎండ కాయుచున్న నాడును, కొలత తప్పక తూము తెఱచు ధనవంతులు అరుదు. అట్టి వారిలో నొకరి చరిత్రమును ఈ సంచికలో మీకు చెప్పదలచితిని. ఆయన దేశోద్ధారకుడని ఆంధ్రులచే పిలువబడిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

ఈ చరిత్రము మనకేల యని ఎవరైన అడుగవచ్చును. మన పాలమూరు సీమ వానలు తక్కువైన సీమ. ఇచ్చటి పేదలు తరతరములుగా గడ్డపార, తట్ట చేతబట్టి దూరదేశములకు పోయి, ఆనకట్టలకు, కాలువలకు, బాటలకు మట్టి మోసిరి. పాలమూరు కూలి యన్న మాట దేశములో పలుచోట్ల వినబడినది. మేస్త్రీ చేతినుండి ముందుగా కొంత సొమ్ము తీసికొని, పిల్లలను ముసలివారియొద్ద విడిచి, నెలలకొలది పరస్థలములలో గుడిసెలు వేసికొని పనిచేసిన వారి కుటుంబములనుండియే మనలో పలువురము వచ్చితిమి. యజమాని మంచివాడైన నేమగునో, కఠినుడైన నేమగునో మన యిండ్లలో పుస్తకము చదివి తెలిసికొనవలసిన పని లేదు. అయినను రేపు మీలో కొందఱు అంగడి పెట్టుదురు, కొందఱు మేస్త్రీలగుదురు, కొందఱు కార్యాలయములు నడుపుదురు. ఆనాడు మీ చేతిలో తూము ఉండును. దానిని ఎట్లు త్రిప్పవలయునో ముందుగానే ఆలోచించుట మేలు.

పంతులుగారు 1867 వ సంవత్సరము మే నెల 1 వ తేదీన కృష్ణా మండలములోని ఎలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. గ్రామమునను బందరునను చదువు ముగించి, పై చదువునకు చెన్నపట్టణము చేరి, అచ్చటి క్రైస్తవ కళాశాలలో చదివి 1891 లో పట్టభద్రులైరి. మిషను పాఠశాలలో చదువుకొనుచున్న మీకు ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ కాలమున ఆ కళాశాలకు అధ్యక్షుడు డాక్టరు విలియం మిల్లరు. ఆయన స్కాట్లండు దేశస్థుడు. 1862 లో చెన్నపట్టణమునకు వచ్చి, తన జీవితమును, తన సొంత ధనమును ఆ విద్యాలయమునకే ధారపోసినవాడు. పెద్ద జీతము సంపాదించుకొను మార్గమును వదలి, తనదైన సొమ్మును పరదేశపు బాలుర వసతిగృహములకు వెచ్చించు నధ్యాపకుని కన్నులార చూచిన విద్యార్థులకు, ధనము దేనికను ప్రశ్నకు సమాధానము పాఠ్యగ్రంథములో వెదుకవలసిన యవసరము లేకపోయెను.

ఆనాడు పట్టభద్రుడనగా ప్రభుత్వోద్యోగము చేతికందినట్లే. తాలూకా కచేరీలోనో, న్యాయస్థానములోనో ప్రవేశించి, క్రమముగా పై మెట్టు లెక్కుట చదువుకొన్నవారి రాజమార్గము. వర్తకము చదువుకొన్నవానికి తగదని పెక్కురి అభిప్రాయము. పంతులుగారు ఆ మార్గమున పోలేదు. చెన్నపట్టణమున కొలదికాలము వ్యాపారమున మెలగి, పిదప కలకత్తాకు పోయి యొక మందుల అంగడిలో పనిచేసిరి. అచ్చటినుండి బొంబాయి చేరి యొక వర్తక కార్యాలయమున ఉద్యోగించిరి. భాష వేఱు, భోజనము వేఱు, బంధువులు లేరు. మన యూరినుండి పనికి పోయినవారు ఎఱిగిన ఒంటరితనమే ఆయనయు ఎఱిగియుండవలెను. యజమాని కాకముందు ఒకరి క్రింద పనిచేసి, జీతపు దినమున కొఱకు ఎదురుచూచిన వానికి తెలియు సంగతులు, పుట్టుకతోనే గద్దెపై కూర్చున్నవానికి తెలియుట కష్టము.

కలకత్తాలో మందుల అంగడిలో నిలిచి చూచినవానికి ఒక విషయము తెలియకమానదు. అంగడికి వచ్చువారిలో మహారోగములతో వచ్చువారు కొందఱే. తలనొప్పి, పడిసెము, ఒడలినొప్పి వంటి చిన్న బాధలతో వచ్చువారే పెక్కురు. ఆ బాధలు చంపవు. కాని ఆనాటి కూలిని పోగొట్టును. రాతిపని చేయువానికి నడుమునొప్పి వచ్చిన నాడు ఇంటిలో పొయ్యి వెలుగదు. వైద్యుని పిలుచుటకు సొమ్ము లేదు. ఊరక పండుకొనుటకు తీరిక లేదు. అట్టివారికి కావలసినది, చేతికందు వెలకు దొరకు, తామే పూసికొనదగిన యొక మందు.

1893 లో పంతులుగారు బొంబాయిలో అట్టి మందును సిద్ధపఱచి అమృతాంజన మని పేరిడిరి. కర్పూరము, పుదీనపువ్వు, నీలగిరితైలము వంటి ద్రవ్యములతో చేసిన యీ పసుపుపచ్చని లేపనమును ఎఱుగని తెలుగు ఇల్లు లేదనుట అతిశయోక్తి కాదు. పుదీనపువ్వు చర్మమునకు తాకగానే చల్లదనము తెలుపు నరములు మేలుకొనును. ఆ చల్లదనముచేత నొప్పి వెనుకబడినట్లు తోచును. అది మహారోగములను కుదుర్చునని చెప్పుట తప్పు. చిన్న బాధను కొంతసేపు తగ్గించి, మనుష్యుని మరల పనిలో నిలుపును. ఆ మేలు చిన్నదే యైనను, లక్షల యిండ్లలో ప్రతిదినమును జరుగు చిన్న మేలు చిన్నది కాదు.

మందును చేయుట ఒక యెత్తు, దానిని జనులు నమ్మునట్లు చేయుట మఱియొక యెత్తు. పేరులేని యొక తెలుగువాడు చేసిన డబ్బీని విదేశపు సీసాల నడుమ ఎవరు కొందురు? పంతులుగారు సంగీతసభలకు పోయి అచ్చటి శ్రోతలకు అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టిరి. రాత్రి చాలసేపు మేలుకొని పాట వినువారికి తల బరువెక్కుట సహజము. వారు పూసికొని హాయి పొందిరి. మఱునాడు అంగడికి పోయి అడిగిరి. ఈ విధముగా మందు బొంబాయినుండి దేశమంతట వ్యాపించి, పంతులుగారిని సంపన్నుని గావించెను.

ఇచ్చట తెలివిగల విద్యార్థి యొక ప్రశ్న వేయవచ్చును. ఉచితముగా పంచుట దయయా, లేక అమ్మకము పెంచు ఉపాయమా? నిజము చెప్పవలెనన్న, రెండును. దీనిని దాచవలసిన పని లేదు. మంచి వర్తకుడు తన సరకును ఎదుటివాని బాధకు ఎదురుగా పెట్టి పరీక్షింపనిచ్చును. బాధ తీరిన నతడు కొనును, తీరనిచో కొనడు. దొంగ వర్తకుడు ముందు సొమ్ము పుచ్చుకొని పిదప సరకు చూపును. ఎదుటివాని తలనొప్పిని గుర్తించుట, దానిని తీర్చుట, అందువలన తానును బ్రదుకుట, ఈ మూడును ఒక్క త్రాటిపై నడచినపుడే వ్యాపారము ధర్మమగును. ఇంతవరకు జరిగినది మంచి వర్తకము. పంతులుగారి దయకు నిజమైన పరీక్ష ఆ మీదట వచ్చెను. ఏలయన, లాభము తెచ్చు దయను చూపుట సులభము. నష్టము తెచ్చు దయను ఏటేట చూపుట కష్టము.

1907 లో సూరతు పట్టణమున కాంగ్రెసు మహాసభ జరిగెను. మితవాదులును అతివాదులును విడిపోయిన ఆ సభకు పంతులుగారు వెళ్లిరి. దేశమంతటను క్రొత్త యాలోచనలు చెలరేగుచుండగా, తెలుగువారికి తమ భాషలో ఆ వార్తలను సరిగా చెప్పు పత్రిక చాలదని ఆయన గ్రహించిరి. మఱుసటి సంవత్సరమే, అనగా 1908 లో, బొంబాయినుండి ఆంధ్రపత్రిక యను వారపత్రికను స్థాపించిరి. తెలుగుదేశమునకు వందల మైళ్ల దూరమున, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, తెలుగు అక్షరములు కూర్చువారిని వెదకి తెచ్చి పత్రిక నడుపుట ఎంత కష్టమో ముద్రాలయమును చూచిన వారికి తెలియును. తలనొప్పి పోగొట్టి సంపాదించిన సొమ్మును, తలనొప్పి తెచ్చు పనికి వెచ్చించిరని నవ్వుకొనవచ్చును.

1914 లో పంతులుగారు తమ కార్యస్థానమును చెన్నపట్టణమునకు మార్చి, ఆ సంవత్సరము ఏప్రిలు 1 వ తేదీన ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిరి. తంబుచెట్టి వీధిలోని ఆ కార్యాలయము పిమ్మట ఎందఱో తెలుగు పత్రికారచయితలకు పాఠశాల యయ్యెను. దినపత్రిక మొదలైన నాలుగు నెలలకే ఐరోపా మహాయుద్ధము పుట్టెను. యుద్ధవార్తల కొఱకు జనులు ఎదురుచూచిరి. కాని కాగితపు వెల పెరిగెను. అంతేగాక, 1910 నాటి పత్రికా చట్టము ప్రకారము ప్రభుత్వము కోరినపుడు పత్రికాధిపతి ధరావతు చెల్లింపవలెను. వ్రాసినది ప్రభుత్వమునకు నచ్చనిచో ఆ ధరావతు పోవును. ఇట్టి కాలమున దేశీయపక్షపు దినపత్రిక నడుపుట లాభము కోరువాడు చేయు పని కాదు. అమృతాంజనము తెచ్చిన లాభము ఆంధ్రపత్రికను నిలిపెను. ఒక చేయి సంపాదించుచుండ, మఱియొక చేయి అక్షరరూపమున పంచుచుండెను.

గమనింపుడు. ఆయన ధనమంతయు కూడబెట్టి, ముసలితనమున, చెఱువు నిండిన పిదప, అలుగు విడిచినవారు కారు. వ్యాపారము మొదలైన పదునైదేండ్లకే తూము తెఱచిరి. ఆ తూమును తమ జీవితాంతము మూయలేదు. ఏటి లాభములో ఒక భాగము ఊరి కొఱకు ప్రవహింపవలెననుట వారికి దానము కాదు, వ్యాపారపు నడక.

1924 జనవరిలో భారతి యను మాసపత్రికను ప్రారంభించిరి. చరిత్ర, శాసనములు, భాషాశాస్త్రము, కవిత్వము, కథ, చిత్రలేఖనము ఇందులో చోటు చేసికొన్నవి. గ్రాంథికవాదులును వ్యావహారికవాదులును ఒకరి నొకరు నిందించుకొనుచున్న ఆ కాలమున, భారతి పుటలలో ఉభయపక్షముల రచనలును కనబడెను. పండితునికొక పీట, యువకునికొక పీట వేసిన యింటివలె ఆ పత్రిక యుండెను. అది 1991 వఱకు జీవించెను. ఒక వర్తకుడు నాటిన చెట్టు ఆయన గతించిన పిదప యాబదియేండ్లకు పైగా నీడనిచ్చినదన్న మాట.

1926 లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. వెల తక్కువగా మంచి గ్రంథములు సామాన్యులకు అందవలెనన్నది దాని యుద్దేశము. ఈ మాలలోనే పాల్కురికి సోమనాథుని బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును అచ్చయ్యెను. సోమనాథుడు మన తెలంగాణమున పుట్టిన కవి. ఎవరికొఱకు వ్రాయుచున్నానను విషయమున అతనికి సందేహము లేదు. పండితులకు మాత్రమే గాక సామాన్యజనులకును అందునట్లు ద్విపదలో వ్రాసెను. తాటియాకులలో నిదురించుచున్న ఆ గ్రంథములను పరిష్కరింపజేసి, చవుకగా అచ్చువేయించి, ఇంటింటికి పంపినది తలనొప్పి మందు అమ్మిన సొమ్మే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రారంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము 1923 లో వారి మరణముతో ఆగిపోగా, ఆ మహాకార్యమును మరల చేపట్టినవారును పంతులుగారే. స్నేహితుడు దించిన బరువును తన భుజమున కెత్తుకొనుట వారికి సహజము. గ్రంథాలయోద్యమమునకును వారు ఆప్తులై యుండిరి.

ఈ మేలు మన సీమకు ఎట్లు చేరెనో కొంచెము చెప్పవలెను. అప్పుడు మన వనపర్తి, గద్వాల సంస్థానములు నైజాము ఏలుబడికి లోబడియుండెను. రాజ్యపు కచేరీలలో ఉర్దూభాష నడచుచుండెను. తెలుగు పత్రికలు మిక్కిలి తక్కువ. చెన్నపట్టణమునుండి వచ్చు పత్రికయే తెలుగు చదువరికి బయటి లోకపు కిటికీ. ఆ లోటు తీర్చుటకై 1926 లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మన గద్వాల ప్రాంతపువారే. పిమ్మట 1952 లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు ఎన్నుకొనిరి. ధనబలముగల పంతులుగారు ఒకచోట, ధనబలము లేకున్నను పట్టుదలగల రెడ్డిగారు మఱొకచోట, ఒకే పని చేసిరి. తూము చిన్నదైనను పెద్దదైనను, నీరు పొలమునకే పోవలెను గదా.

పంతులుగారు ధనము నిచ్చి ఊరకుండిన వారు కారు. తమ శరీరమును గూడ ఇచ్చిరి. 1924 కును 1934 కును నడుమ ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పలుమాఱులు అధ్యక్షులైరి. 1930 లో ఉప్పు సత్యాగ్రహము జరిగినపుడు, అఱువది యేండ్లు దాటిన వయస్సున, కారాగారమునకు పోయిరి. ప్రభుత్వముతో చెలిమి వర్తకునకు లాభము. ప్రభుత్వముతో విరోధము అన్నివిధముల నష్టము. లక్షలు గలవాడు చెఱసాల గంజి త్రాగుటకు సిద్ధపడినాడనగా, అతనికి ఆ లక్షలు యజమానులు కాలేదన్న మాట. ధనము తన చేతిలో నుండుట వేఱు, తాను ధనము చేతిలో నుండుట వేఱు.

వారి మనస్సులోని మృదుత్వము తెలుపు మఱియొక సంగతి కలదు. చెన్నపట్టణములో మైలాపూరునందు వారి గృహమునకు శ్రీబాగని పేరు. ప్రత్యేకాంధ్రరాష్ట్రము కావలెనని కోస్తావారు కోరుచుండగా, రాయలసీమవారికి కొన్ని భయము లుండెను. తమ కఱవుసీమకు నీళ్లు వచ్చునా, చదువు వచ్చునా, గౌరవము దక్కునా యని వారి శంక. 1937 నవంబరు 16 వ తేదీన ఉభయప్రాంతముల నాయకులు శ్రీబాగులో కూడి, ఒక ఒడంబడిక చేసికొనిరి. కృష్ణా, తుంగభద్రల నీటిలో కొంతకాలము రాయలసీమకు ముందు హక్కు ఉండవలెననియు, రాజధాని, ఉన్నత న్యాయస్థానము అను రెండింటిలో ఒకటి ఆ సీమకు చెందవలెననియు అందులో నిర్ణయింపబడెను. పంతులుగారు కృష్ణానదీతీరపు బిడ్డ. కాలువలు పాఱు పచ్చని సీమలో పుట్టినవారు. కాని నీళ్లు లేనివాని భయమును తన యింటి కూటమికి పిలిచి, కూర్చుండబెట్టి, వినుటకు ఆయన గృహము తావయ్యెను. తుంగభద్రకును కృష్ణకును ఈ వైపున నుండి, నదులు దగ్గఱనే పాఱుచుండగా దప్పికతో బ్రదికిన మన పాలమూరువారికి, ఆ భయమెట్టిదో విడమరచి చెప్పనక్కఱలేదు.

ఆ కూటమి జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిలు 11 వ తేదీన, పంతులుగారు పరమపదించిరి. అప్పటికి వారికి డెబ్బదియొకటవ యేడు నడచుచుండెను. దేశోద్ధారకుడనియు విశ్వదాతయనియు జనులు పిలిచిన ఆ పేరులు ఆయనతో పోలేదు. 1936 లో లిమిటెడు సంస్థగా మాఱిన అమృతాంజనపు వ్యాపారము నేటికిని నడచుచున్నది. ఆంధ్రపత్రికను, భారతిని వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పిమ్మట నడపిరి. మైలాపూరులో వారి పేర నొక ఉద్యానవనము కలదు. అచ్చట ముసలివారు ఉదయమున నడచుదురు, పిల్లలు సాయంకాలమున ఆడుదురు.

ఇప్పుడు మరల మన చెఱువుకట్టకు వత్తము. పంతులుగారి కథ విని, ఆయన లక్షాధికారి గనుక ఇచ్చెను, మాకేమున్నది యని మీరనవచ్చును. ఆ మాట సరికాదు. సంగీతసభలో మొదటి డబ్బీలను పంచిన నాడు ఆయన లక్షాధికారి కాడు. పేరు లేని క్రొత్త వ్యాపారి. ఇచ్చు గుణము ధనముతో పుట్టదు. ధనము రాకముందు లేని గుణము ధనము వచ్చినమీదట వచ్చుట అరుదు. ఎండకాలమున తూము తిప్పుట నేర్వని నీరటికాడు వానకాలమున మాత్రము ఎట్లు నేర్చును?

మఱికొందఱు దయతో వ్యాపారము చేసిన మునిగిపోవుదుమని భయపడుదురు. ఇదియు విచారింపవలసిన మాటయే. కట్ట లేని చెఱువు చెఱువు కాదు. పంతులుగారు లెక్క చూడక పంచి అమృతాంజనమును కూల్చియుండినచో, పత్రికయు లేదు, గ్రంథమాలయు లేదు. సరకు మంచిది చేయుట, వెల న్యాయముగా పెట్టుట, లెక్క సరిగా వ్రాయుట, వృథా ఖర్చు మానుట, ఇవి కట్ట. కట్ట గట్టిగా నుండుటచేతనే తూము ముప్పదియేండ్లు పాఱినది. కఠినత్వమును కట్టయని భ్రమించువారు పెక్కురు, అది పొరపాటు. క్రమశిక్షణ వేఱు, కఠినత్వము వేఱు.

బావుల దగ్గఱ పదిమంది కూలీలను నడుపు మేస్త్రీని తలచికొనుడు. అతనికి అమృతాంజనమును లేదు, పత్రికయు లేదు. కాని కూలివాని బిడ్డకు జ్వరము వచ్చిన నాడు సెలవిచ్చుట అతని చేతిలో నున్నది. శనివారపు కూలిని శనివారమే యిచ్చుట అతని చేతిలో నున్నది. చదువురానివాని లెక్కను వానికి అర్థమగునట్లు చదివి వినిపించుట, ముందుసొమ్మును ఉరిత్రాడు కానీయకుండుట, ఎండలో పనిచేయు స్త్రీలకు నీడయు నీరును ఏర్పఱచుట అతని చేతిలో నున్నవి. ఇందులో నేదియు లక్షలు కోరదు. ఎదుటివాని నొప్పి తన తలలో నొకసారి ఊహించుకొన్న చాలును. అదియే తూమునకు తాళపుచెవి.

మన పాఠశాలలో సువార్తనుండి సమరయుని కథను మీరు పలుమాఱులు వింటిరి. బాటప్రక్కన గాయపడి పడియున్న వానిని చూచి అతడు కనికరపడెను. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. అంతటితో విడువక, సత్రపువానికి సొమ్ము నిచ్చి, తిరిగి వచ్చునపుడు మిగిలినదియు చెల్లించెదనని పూనుకొనెను. ఆ కథలో మందు కలదు, సొమ్ము కలదు, మరల వచ్చి చూచుట కలదు. పంతులుగారు క్రైస్తవులు కారు; తమ పూర్వుల ధర్మమును విడువనివారు. అయినను ఆ మూడింటిని ఆయన జీవితమున మనము చూడవచ్చును. లేపనము నిచ్చిరి, సొమ్ము నిచ్చిరి, ఒకనాటితో ముగింపక జీవితాంతము తిరిగి తిరిగి వచ్చి చూచిరి. కరుణకు మతభేదము లేదు.

మీరు సాయంకాలమున కొండ యెక్కి కోటను చూడుడు. మన పూర్వుల శౌర్యమును తలచుడు. దిగి వచ్చునపుడు చెఱువుకట్టపై నొక క్షణము నిలుచుడు. రేపు మీ చేతికి వచ్చు ధనముతో, అధికారముతో మీరు కోట కట్టుదురా, చెఱువు త్రవ్వుదురా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. చెఱువు త్రవ్వినచో, కట్ట వేయుటతో ఆగక, తూము పెట్టుట మఱవకుడు. ఆ తూమును నీళ్లు పొంగిన నాడు మాత్రమే గాక, పొలము ఎండిన నాడు తెఱవుడు.